కొలతకు కట్టించిన సైకిలు స్థానంలో పాత ఉక్కు మౌంటెన్ బైకు

ఒక మనిషి కాళ్ల పొడవు, మొండెం పొడవు, చేతుల చాపు, ఒంటి బరువు, తొక్కే అలవాటు అన్నీ కొలిచి, ఆ ఒక్కరి కోసమే గొట్టాలు కోసి అతికి తయారు చేసిన సైకిలును కస్టమ్ సైకిలు అంటారు. దర్జీ కొలతలు తీసుకుని కుట్టిన చొక్కాకూ, దుకాణంలో వేలాడే చొక్కాకూ ఉన్న తేడా ఎటువంటిదో, దీనికీ కంపెనీ సైకిలుకూ ఉన్న తేడా అటువంటిదే. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ నగరం ఈ చేతిపనికి పేరుపడిన చోటు. అక్కడి కొందరు నిర్మాతల చేత సైకిలు కట్టించుకోవడానికి జనం ఏళ్ల తరబడి వరుసలో వేచి ఉన్న సందర్భాలున్నాయి. ఫ్రేము, అంటే చక్రాలకూ పెడళ్లకూ సీటుకూ ఆధారమైన చట్రం, ఒక్కదానికే సాధారణంగా రెండు మూడు వేల డాలర్లు అవుతుంది. మిగిలిన సామాను చేరేసరికి ఆ వెల రెట్టింపు దాటడం మామూలు. అంత వెల పెట్టి తెచ్చుకున్న సైకిలును ఇంట్లో నిలబెట్టి, ముప్పై నలభై ఏళ్ల కిందట ఫ్యాక్టరీలో తయారై, ఇప్పుడు వంద నుంచి నాలుగు వందల డాలర్లకు దొరికే ఉక్కు మౌంటెన్ బైకు మీద రోజూ పనికి వెళ్లేవారు ఆ నగరంలోనూ ఇతర అమెరికన్ నగరాల్లోనూ ఉన్నారు. పైకి ఇది ఒక మెట్టు దిగడంలా తోచవచ్చు గాని, రోజువారీ ప్రయాణానికి సైకిలులో ఏ గుణం కావాలన్న ప్రశ్నను సూటిగా వేసుకుంటే, ఈ మార్పు ఎంతో సమంజసమైనదని తేలుతుంది.

కస్టమ్ సైకిలు కొలత కచ్చితమైనదే, కాని అది కట్టించుకున్న నాటి ఒంటికీ నాటి ఉద్దేశానికీ మాత్రమే కచ్చితమైనది. ముప్పై ఏళ్ల వయసులో వేగం మీద మోజుతో, నడుము బాగా వంచి తొక్కేలా, సన్నని 28 మిల్లీమీటర్ల టైర్లకు సరిపడా సందు మాత్రమే వదిలి కట్టించిన ఫ్రేములో, పదేళ్ల తరువాత మడ్‌గార్డులు బిగించాలన్నా, వెనక క్యారియర్ మీద ల్యాప్‌టాప్ సంచీ, కూరగాయలు మోయాలన్నా, నడుము నొప్పి కారణంగా హ్యాండిల్ ఎత్తు పెంచాలన్నా వీలు దొరకదు. అంతకంటె పెద్ద ఇబ్బంది సైకిలు దిగిన తరువాత మొదలవుతుంది. రోజూ పనికి వెళ్లే సైకిలు తన ఆయుష్షులో ఎక్కువ భాగం కదలదు. ఆఫీసు ముందున్న ఇనుప కమ్మీకి తాళంతో కట్టుబడి, పక్క సైకిళ్ల హ్యాండిళ్లు తన రంగును గీస్తుండగా, ఎండలో వానలో ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడి ఉంటుంది. సైకిలు దొంగతనం అమెరికా నగరాలన్నిటా ఉన్న బెడద. ఒకరి చేతిపనితో ప్రపంచంలో ఒక్కటిగా తయారైన వస్తువును అలా వదలడానికి యజమానికి మనసు ఒప్పదు. అందుచేత ఆయన సైకిలును లోపలికి తీసుకుపోనిచ్చే చోట్లకే సైకిలు మీద వెళ్లి, తక్కిన చోట్లకు కారు తీస్తాడు. వెనుదిరిగి చూడకుండా వదిలి వెళ్లగలగడం రోజువారీ సైకిలుకు ఉండవలసిన మొదటి గుణమని ఒప్పుకుంటే, కస్టమ్ సైకిలు గెలవలేని పరీక్ష అదే.

వాతావరణం సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులో ఏడాదికి కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లయితే పోర్ట్‌లాండ్‌లో సుమారు 900. మొత్తంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాని హైదరాబాదు వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల కుండపోతగా పడిపోతే, పోర్ట్‌లాండ్ వాన అక్టోబరు నుంచి మే దాకా సన్నని తుంపరగా, రోడ్డును ఆరనివ్వకుండా నెలల తరబడి పడుతుంది. ఆ తడిలో బ్రేకు రబ్బరు, రిమ్ము, చైను చిన్న చిన్నగా అరిగిపోతాయి. నగరపు మాక్స్ రైళ్లలో సైకిలును ముందు చక్రం పైకెత్తి కొక్కేనికి వేలాడదీసే ఏర్పాటు ఉంది; ఇంటెల్ వంటి సంస్థల్లో పనిచేసే తెలుగువారు చాలామంది నివసించే హిల్స్‌బరో దాకా ఆ రైలు వెళుతుంది. ఆ కొక్కెం, ఆ తడి, ఆ కుదుపు రోజూ భరించే వస్తువు మొరటుగా వాడినా చెడిపోనిది కావాలి.

మౌంటెన్ బైకు పుట్టుకే మొరటు వాడకంలో ఉంది. దాని చక్రం చరిత్ర మరీ పాతది: 1933లో షికాగోకు చెందిన ష్విన్ కంపెనీ, పట్టణపు పిల్లలు కాలిబాట అంచులు ఎక్కించి దిగదూకినా పగలని సైకిలు కావాలని, 26 అంగుళాల చక్రానికి రెండు అంగుళాలకు మించిన వెడల్పు గల లావు టైరు తగిలించింది. ఆ టైర్లను బెలూన్ టైర్లు అన్నారు. నలభై ఏళ్ల తరువాత, కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ యువకులు పాత సామాను కొట్లలో తుప్పు పట్టి ఉన్న ఆ ష్విన్ సైకిళ్లను కొని, టమల్‌పాయిస్ కొండ చుట్టుపక్కల మట్టి బాటల్లో దింపడం మొదలుపెట్టారు. ఫేర్‌ఫాక్స్ ఊరి సమీపంలో, మూడు కిలోమీటర్ల లోపు దూరంలో దాదాపు 400 మీటర్లు కిందికి జారే బాట మీద 1976 అక్టోబరు 21న తొలి పోటీ జరిగింది. పెడలు వెనక్కి తొక్కితే పట్టే ఆ పాత బ్రేకు హబ్బులో గ్రీజు దిగువకు చేరేసరికి వేడికి పొగగా మారిపోయేది. మళ్లీ గ్రీజు దట్టించాలి గనుక, ఆ పనికి ఇంగ్లీషులో ఉన్న మాటతోనే ఆ పోటీకి రీప్యాక్ అన్న పేరు స్థిరపడింది.

పాత ఫ్రేములు ఒకటి తరువాత ఒకటి విరుగుతుండడంతో ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో, క్రోమ్‌మోలీ ఉక్కుతో, ఈ పనికోసమే కొత్త ఫ్రేము కట్టాడు. ఆ వరుసలో కట్టిన మొత్తం పదింటిలో మొదటిది నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో మౌంటెన్‌బైక్స్ అనే చిన్న కంపెనీ పెట్టారు. ఇవన్నీ చేతితో కట్టినవే, కొలతకు కట్టించిన సైకిళ్లకు దగ్గరి బంధువులే. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరిట అదే తరహా సైకిలును జపానులో పెద్ద సంఖ్యలో తయారు చేయించి అమ్మడంతో, కొండకోసం చేసిన చేతిపని ఫ్యాక్టరీ సరుకైంది. మరుసటి ఏడాది షిమానో కంపెనీ డియోర్ ఎక్స్‌టీ పేరుతో మౌంటెన్ బైకుకే ప్రత్యేకమైన గేర్లు, బ్రేకుల సముదాయాన్ని తెచ్చింది.

ఆ తరువాతి పదిపన్నెండేళ్లు ఈ కథలో అన్నిటికంటె విలువైనవి. అప్పటికి మౌంటెన్ బైకులకు స్ప్రింగు ఫోర్కులు లేవు. రాక్‌షాక్స్ కంపెనీ వారి తొలి ఫోర్కు 1989లో గాని రాలేదు, సామాన్య ధరల సైకిళ్లకు అది చేరడానికి మరికొన్నేళ్లు పట్టింది. కుదుపును తట్టుకోవలసిన భారమంతా ఫ్రేము మీద, లావు టైర్ల మీద పడింది గనుక, జపాను, తైవాను, అమెరికా ఫ్యాక్టరీలు మధ్యతరగతి ధరలో కూడా మంచి ఉక్కు వాడవలసి వచ్చింది. 1985 సెప్టెంబరులో డాలరు విలువను తగ్గించేందుకు ప్లాజా ఒప్పందం కుదిరి యెన్ విలువ డాలరుతో పోల్చితే బాగా పెరిగాక, జపాను సైకిళ్లు అమెరికా మార్కెట్లో ఖరీదెక్కి, తయారీ క్రమంగా తైవానుకు తరలింది. బ్రిడ్జిస్టోన్ సైకిళ్ల అమెరికా శాఖ 1994లో మూతపడింది. ఉక్కు స్థానంలోకి లావు గొట్టాల అల్యూమినియం వచ్చింది. కనుక సుమారు 1983 నుంచి 1995 దాకా తయారైన ఉక్కు మౌంటెన్ బైకులు ఒక ప్రత్యేక పంట. ట్రెక్ వారు విస్కాన్సిన్ రాష్ట్రంలో కట్టిన 900 వరుస, బ్రిడ్జిస్టోన్ వారి ఎంబీ వరుస, తొలినాటి స్టంప్‌జంపర్లు దానిలోవే. కొన్నవారిలో చాలామంది వాటిని ఏ కొండకూ తీసుకుపోలేదు. అందుకే ఇప్పటికీ గ్యారేజీల మూలల నుంచి అంతగా అరగని సైకిళ్లు బయటికి వస్తుంటాయి.

క్రోమ్‌మోలీ అనే మాటకు వివరణ అవసరం. ఇనుములో సుమారు 0.3 శాతం కార్బను, ఒక శాతం దాకా క్రోమియం, 0.2 శాతం దాకా మాలిబ్డినం కలిపిన ఉక్కు ఇది. 4130 అన్నది దానికి అమెరికాలో వాడే సంఖ్య. మామూలు సైకిలు ఉక్కుకూ దీనికీ బిగువులో, అంటే వంగకుండా నిలిచే గుణంలో, తేడా లేదు. తేడా బలంలో ఉంది, అంటే శాశ్వతంగా వంగిపోకుండా ఎంత బరువు ఓర్చుకోగలదన్న దానిలో. బలం ఎక్కువ కాబట్టి గొట్టం గోడను పలుచన చేయవచ్చు. పైగా గొట్టం మీద ఒత్తిడి ఎక్కువగా పడేది అతుకుల దగ్గర గనుక, చివరల్లో 0.9 మిల్లీమీటర్ల మందం ఉంచి, నడుమ 0.6 మిల్లీమీటర్లకు తగ్గించి లాగుతారు. ఇంగ్లాండులో రేనాల్డ్స్ కంపెనీ 1897లోనే పేటెంటు పొందిన ఈ పద్ధతిని బటెడ్ గొట్టం అంటారు. బయటినుంచి చూస్తే మందంలో ఈ తేడా కంటికి తెలియదు, ఎత్తి చూస్తే బరువులో తెలుస్తుంది.

లోహానికి అలసట ఉంటుంది: విరగ్గొట్టేంత బలం ఒక్కసారీ తగలకపోయినా, చిన్న చిన్న కుదుపులు లక్షల సార్లు తగిలితే ఎక్కడో వెంట్రుకంత పగులు పుట్టి పెరుగుతుంది. ఉక్కుకు ఒక ఓర్పు హద్దు ఉంది. ఆ హద్దుకు లోబడిన కుదుపులు ఎన్ని తగిలినా అది అలిసిపోదు. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు గనుక, నిర్మాత లోహాన్ని అదనంగా పోసి అలసటను దూరానికి నెట్టవలసి వస్తుంది. కొండ మీది నుంచి దూకడానికి తగినట్లు కట్టిన ఉక్కు ఫ్రేముకు నగర వీధి గతుకులు ఆ హద్దుకు ఎంతో దిగువనే ఉంటాయి. ముప్పై ఏళ్ల ఫ్రేమును నమ్మవచ్చునా అన్న సందేహానికి ఇదే జవాబు, అయితే తుప్పు, ప్రమాదంలో తగిలిన దెబ్బ లేనప్పుడే. అతుకుల పద్ధతి కూడా తెలుగు పాఠకులకు కొత్తది కాదు. మన ఊళ్లలో పాలు, మూటలు మోసిన నల్లని 28 అంగుళాల సైకిలులో హ్యాండిలు కింద గొట్టాలు కలిసే చోట కనిపించే ఉక్కు తొడుగులే లగ్గులు. గొట్టాన్ని తొడుగులో దూర్చి, ఇత్తడిని కరిగించి ఆ సందులోకి పారించడమే ఆ అతుకు. ట్రెక్, బ్రిడ్జిస్టోన్ ఫ్రేములు కొన్ని సరిగ్గా ఇదే తీరున కట్టినవి.

కొండకోసం చేసిన ఏర్పాట్లు ఒక్కొక్కటీ వీధిలో ఎలా ఉపకరిస్తాయో చూడాలి. బురదలో లావు టైరు తిరగడానికి వదిలిన సందులో, నున్నని ఒకటిన్నర అంగుళం టైరు వేస్తే, మడ్‌గార్డు కూడా హాయిగా ఇమిడిపోతుంది. ఆ టైరులో సన్నని రేసు టైరుకంటె చాలా తక్కువ గాలి, అరవై పౌండ్ల లోపు, సరిపోతుంది కనుక ట్రాము పట్టాల పక్క అంచులు, గోతులు మణికట్టు దాకా రావు. వెనక చక్రం ఇరుసు దగ్గర మరలు పట్టే చిన్న కన్నాలు చాలా ఫ్రేములకు ఉంటాయి. క్యారియర్, మడ్‌గార్డు వాటికే బిగుస్తాయి. ఇక గేర్లు: ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఆరో ఏడో. ముందు 38 పళ్లు, వెనక 16 పళ్లు ఉన్న జతలో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 4.8 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు దాదాపు 23 కిలోమీటర్ల వేగం, నగరానికి అది చాలు. ముందు 28, వెనక 28 వేస్తే పెడలు చుట్టుకు రెండు మీటర్లే. సామానుతో ఎత్తు ఎక్కడానికి ఇంతకు మించి ఊరట అక్కర్లేదు. హ్యాండిల్ మీద బొటనవేలితో తోసే ఆనాటి గేరు మీటలలో చాలావాటికి మరో సుగుణముంది: మెట్టు మెట్టుగా టిక్కుమని పడే అమరిక చెడితే, ఒక బిళ్ల తిప్పి, వేలి అంచనాతో నడిపే పద్ధతికి మార్చుకోవచ్చు. ఆ తరువాత వచ్చిన, లోపల సన్నని పళ్లు, స్ప్రింగులు దాచిన మీటలు పాత గ్రీజు గట్టిపడి మూగబోతుంటే, ఈ బొటనవేలి మీటలు నేటికీ పనిచేస్తున్నాయి.

విడిభాగాల కొలతలు ఉమ్మడివి కావడం మరో పెద్ద మేలు. పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్‌కు మరచుట్లు ఉన్న కొలత దశాబ్దాలుగా ఒక్కటే గనుక, కొత్త భాగం ఈనాటికీ తిన్నగా బిగుస్తుంది. వెనక ఇరుసు వెడల్పు తొలినాళ్లలో 130 మిల్లీమీటర్లు, 1990 ప్రాంతం నుంచి 135. ఉక్కు కాబట్టి పాత ఫ్రేమును కాచకుండానే ఆ అయిదు మిల్లీమీటర్లు తెరవగలరు, అల్యూమినియంలో అలా చేయకూడదు. టైరు విషయంలో మాత్రం 26 అంగుళాలన్న పేరును చూసి మోసపోరాదు. మౌంటెన్ బైకు రిమ్ములో టైరు అంచు కూర్చునే వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26 × 1⅜ అని రాసి ఉండే మరో రకం 590 మిల్లీమీటర్లు, రెండూ ఒకదానికొకటి పట్టవు. ఖరీదైన కొత్త మౌంటెన్ బైకుల నుంచి 26 అంగుళాల చక్రం 2010 దశకంలో దాదాపు కనుమరుగైనా, 559 టైర్లు మాత్రం ఊరూరా దొరుకుతున్నాయి. భారతదేశంలో హీరో రేంజర్ వంటి సైకిళ్లు వ్యాపింపజేసిన లావు చక్రం ఈ కుటుంబానిదే.

సర్దుకోవలసిన లోపాలు లేకపోలేదు. పాత మౌంటెన్ బైకు పన్నెండు నుంచి పద్నాలుగు కిలోలు తూగుతుంది. మేడమీద ఇల్లున్నవారికి అది రోజూ తెలిసే బరువు. పై గొట్టం పొడవు ఎక్కువ, హ్యాండిలు తిన్ననిది, కాబట్టి మొదట్లో చేతులు సాచి, మణికట్ల మీద వాలి కూర్చోవలసి వస్తుంది. హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్‌ను పొట్టిదీ ఎత్తయినదీ వేసి, వెనక్కి వంగిన హ్యాండిలు బిగిస్తే వీపు నిటారవుతుంది. గ్రాంట్ పీటర్సన్ అనే రూపకర్త 1990 దశకం మొదట్లో బ్రిడ్జిస్టోన్ ఎక్స్‌ఓ-1లో 26 అంగుళాల చక్రానికి వంపు హ్యాండిలు జత చేసి ఈ మార్పునే ఫ్యాక్టరీలో చేసి చూపాడు. 1994లో ఆయన కాలిఫోర్నియాలో స్థాపించిన రివెండెల్ కంపెనీ ఆ ఆలోచనను ఇప్పటికీ పెంచి పోషిస్తోంది. జో బ్రీజ్ కూడా 2000 దశకం మొదట్లో కొండలు వదిలి, మడ్‌గార్డు, లైటు, క్యారియర్ ఉన్న ప్రయాణపు సైకిళ్ల తయారీకి మళ్లాడు. ష్విన్ టైరు పట్టణంలో పుట్టి, కొండెక్కి, తిరిగి పట్టణానికి వచ్చిందన్నమాట.

బ్రేకుల దగ్గర ఉపేక్ష పనికిరాదు. ఆ కాలపు క్యాంటిలివర్ బ్రేకులో రిమ్ముకు రెండు వైపులా ఉన్న చేతులను ఒక అడ్డతీగ కలుపుతుంది, దాన్ని మీట నుంచి వచ్చే తీగ పైకి లాగుతుంది. ముందు బ్రేకులో పై తీగ తెగితే అడ్డతీగ జారి, గరుకు టైరు పళ్లలో చిక్కి, చక్రాన్ని ఒక్కసారిగా పట్టేయగలదు. మడ్‌గార్డో, దాన్ని ఆపే చిన్న కొక్కెమో తప్పనిసరి అనడానికి కారణమిదే. గట్టిపడిన పాత రబ్బర్లు, తీగలు, వాటి తొడుగులు తొలి రోజే మార్చాలి. 1996లో వచ్చిన వీ-బ్రేకులు వేయదలచినవారు మీటలు కూడా మార్చాలి, ఎందుకంటే వాటికి తీగ ఎక్కువ దూరం లాగాలి.

కొనేముందు చూడవలసినవి కొన్నే, కాని ముఖ్యమైనవి. హ్యాండిలు కింద గొట్టాలు కలిసే చోట, అడుగు పక్కన రంగు ముడతలు పడి ఉంటే, ఆ సైకిలు ఎప్పుడో దేనికో ఎదురుగా గుద్దుకుందని అర్థం. అది ఎంత చవకైనా వదిలేయాలి. సీటు కాడ కదలడం లేదంటే అల్యూమినియం కాడ, ఉక్కు గొట్టం తడిలో ఒకదాన్నొకటి తినివేసి అతుక్కుపోయాయన్నమాట. దాన్ని ఊడదీయడం కొన్నిసార్లు సైకిలు వెలకంటె ఎక్కువ పని. చైనులో పన్నెండు అంగుళాలకు లంకెలు అంగుళంలో పదహారో వంతు సాగి ఉంటే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్లచక్రాలూ మార్చాలి. ఆపైన మన షాపుల్లో ఓవరాయిలింగు అనే పని మొత్తం చేయించాలి: ఇరుసులు విప్పి, గుండ్లు కడిగి, కొత్త గ్రీజు పెట్టడం. పోర్ట్‌లాండ్‌లో 1994లో మొదలైన కమ్యూనిటీ సైక్లింగ్ సెంటర్ తరహా లాభాపేక్ష లేని సంస్థలు పాత సైకిళ్లను ఇలా బాగుచేసి అమ్ముతాయి. ఉన్నత చదువులకు వెళ్లిన తెలుగు విద్యార్థులు అమెరికాలో తొలి సైకిలు కోసం చూడదగ్గ చోట్లలో ఇటువంటివి ముందుండాలి.

కస్టమ్ సైకిలును ఏం చేయాలన్నది మిగిలిన ప్రశ్న. ఒకరి ఒంటికి కట్టినది మరొకరికి అరుదుగా నప్పుతుంది గనుక అమ్మితే పెట్టిన వెలలో కొంతే తిరిగి వస్తుంది. ఉక్కుదైతే కట్టిన నిర్మాతకే ఇచ్చి, క్యారియర్ కన్నాలు అతికించడం, ఫోర్కు మార్పించడం సాధ్యమే, రంగు మళ్లీ వేయించాలి. అంతకంటె మంచి దారి దాన్ని దాని అసలు పనికి తిరిగి అప్పగించడం. పోర్ట్‌లాండ్‌కు తూర్పున, 1922లో పూర్తయిన పాత కొలంబియా నది హైవే, జలపాతాల పక్కనుంచి మెలికలు తిరుగుతూ సాగుతుంది. వాన లేని ఆదివారం ఉదయం, మడ్‌గార్డులు, సంచులు ఏవీ లేకుండా, 28 మిల్లీమీటర్ల టైర్ల మీద, కొలిచి కట్టిన ఆ సైకిలు వెళ్లవలసిన దారి అది.